గడ వేసి చూసిన గోదారి

మా అమ్మ పుట్టిల్లు దేవీపట్నం, నాన్నది రాజమండ్రి. రెండు ఊళ్ళకీ మధ్య గోకవరం మీదుగా రోడ్డుండేది, బస్సూ ఉండేది. అయినా అమ్మ పుట్టింటికి బస్సులో వెళ్ళడానికి ఒప్పుకునేది కాదు. "శుభ్రంగా గోదారి ఉండగా ఆ దుమ్ములో పడి ఎందుకూ" అనేది. అంచేత నాకు గోదారి మొట్టమొదట అమ్మమ్మగారింటికి వెళ్ళే దారిగానే తెలుసు. పుష్కరాలు, హారతులు, సంకల్పాలు అన్నీ తరవాత తెలిసిన సంగతులు.

నేను పుట్టింది 1966లో. నాన్న కలప అడితిలో గుమాస్తా. స్కూల్లో పెద్ద పరీక్షలు అయిన మర్నాడే మా ప్రయాణం. ముందురోజు రాత్రే అమ్మ ట్రంకుపెట్టె సర్దేసేది. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి అరిటాకుల్లో పొట్లాలు కట్టేది. రిక్షా గోదారిగట్టు ఎక్కేసరికి ఇంకా మసకగానే ఉండేది. లాంచీ కనపడకముందే దాని ఇంజను చప్పుడు వినపడేది. ఆ చప్పుడు చెవిన పడగానే తమ్ముడు రిక్షాలోంచి దూకబోయేవాడు, అమ్మ వాడి నిక్కరు పట్టుకుని వెనక్కి లాగేది. ఏటా ఇదే తంతు.

రేవులో ఒడ్డుకీ లాంచీకీ మధ్య ఒక బల్ల. అది కాలికింద ఊగుతుంటే దాటాలి. కోళ్ళ గంపలు, కిరసనాయిలు డబ్బాలు, ఉప్పు బస్తాలు, ఒకసారైతే పెళ్ళివారి బాజాలు, పందిరిమంచం, అన్నీ ఆ బల్ల మీంచే ఎక్కేవి. ఆడవాళ్ళం కింద అరలో. అక్కడ డీజిలు వాసన, ఇంజను వేడి. నాకు అక్కడ కూర్చోబుద్ధయ్యేది కాదు. అమ్మ చూడనప్పుడు ముందుకి, లాంచీ ముక్కు దగ్గరికి పోయేదాన్ని.

లాంచీ ముక్కు మీద ఒకాయన కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాడు. మేము గడ బాబాయి అనేవాళ్ళం. ఆయన పేరు నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు కూడా. ఆయన పక్కన పొడుగాటి వెదురు గడ. దాని మీద మూరకొకటి చొప్పున తారుతో గీతలు. నీళ్ళు పలచబడుతున్న చోటికి రాగానే లేచి నిలబడి గడ దించేవాడు. అడుగు తగలగానే పైకి తీసి, ఎంతమేర తడిసిందో చూసి కేకేసేవాడు. "రెండు నిలువులూ!" మళ్ళీ దించి, "నిలువున్నరా!" ఇంకాస్త పోయాక "నిలువూ!" ఆ కేక వెనకాల చుక్కాని దగ్గరున్న సరంగు కోసం. "మెడలోతూ!" అన్నాడంటే సరంగు గంటతాడు లాగేవాడు. కింద ఇంజనుగదిలో డ్రైవరుకి అది గుర్తు. ఇంజను గొంతు తగ్గేది. లాంచీలో అందరూ ఒక్కసారి మాటలాపేసేవాళ్ళు. "నడుంలోతూ!" అనేలోపే అడుగున గరగరమని ఇసక రాసుకునేది. అంతే, మేట పట్టేసింది.

అప్పుడు మగవాళ్ళందరూ పంచెలు ఎగ్గట్టి దిగేవాళ్ళు. నడిగోదాట్లో నడుంలోతు నీళ్ళలో నిలబడి లాంచీకి భుజాలు ఆనించి తొయ్యడం. అమ్మలాంటి వాళ్ళు పైనించి "జాగ్రత్త, జాగ్రత్త" అనడం. ఒక వేసవిలో ఇలా మూడుసార్లు పట్టేసి, మధ్యాహ్నం భోజనాలకి చేరాల్సిన వాళ్ళం దీపాలవేళకి చేరాం. దారిలో ఎవరూ విసుక్కోలేదు. ఎవరో లాంచీలోనే మామిడిపళ్ళ గంప విప్పి అందరికీ పంచేశారు.

ఒకసారి గడ బాబాయి నా చేతికి గడ ఇచ్చి దించమన్నాడు. నా చెయ్యి మీద తన చెయ్యి వేసి పట్టుకున్నాడు. "ఏం తగిలింది చెప్పు" అన్నాడు. నాకేం తెలుస్తుంది, నేల అన్నాను. "నేల కాదమ్మడూ. ఇసకైతే గడ కరుచుకుంటుంది. ఒండ్రైతే లోపలికి పీలుస్తుంది, తియ్యబోతే రాదు. రాయైతే చేతికి జిల్లుమంటుంది. కళ్ళు మూసుకుని చూడు" అన్నాడు. కళ్ళు మూసుకుంటే నిజంగానే తెలిసింది. ఇసక. గడ చివర సన్నగా గీరుకుంటున్నట్టు, మణికట్టు దాకా వచ్చింది. ఆ తరవాత ఎన్నో చదువుకున్నాను కానీ అంత స్పష్టంగా ఏదైనా అర్థమైన క్షణం మళ్ళీ గుర్తులేదు.

సరంగు తాత పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన చూపంతా నీళ్ళ మీదే. నీళ్ళు నున్నగా నూనెలా ఉన్నచోట లోతు, చిన్నచిన్న ముడతలు పడినచోట మేట. ఎండ ఎదురైతే అదీ కనపడదు, అప్పుడే గడ కావాలి. లోతున్న దారి పొడుగునా అక్కడక్కడా వెదుర్లు పాతి చివర గడ్డికుచ్చు కట్టేవాళ్ళు. "ఇవి నిరుటివేనా తాతా" అని అడిగితే "నిరుటి దారి ఈ ఏడు ఉండదమ్మా. వరదొచ్చి వెళ్ళాక గోదారి కొత్తదే" అన్నాడు. ఏటేటా కొత్తగా నేర్చుకోవాలి. ఎన్నేళ్ళు నడిపినా సరే.

రాజమండ్రి దాటాక కుడిచేతి పక్క కాటేరు, సీతానగరం. ఎడంపక్క పట్టిసీమ. నది నడుమ కొండ, కొండ మీద వీరభద్రస్వామి. అమ్మ అక్కడికి రాగానే తలమీద కొంగు సర్దుకుని దణ్ణం పెట్టుకునేది. శివరాత్రికి రాజమండ్రి నించి లాంచీలన్నీ అటే కదిలేవి. ఆ పైన పోలవరం, ఎదురుగా పురుషోత్తపట్నం. పులిహోర పొట్లాలు విప్పేది అక్కడే. ఆ తరవాత కొండలు దగ్గరపడేవి. గాలి మారిపోయేది. గండిపోచమ్మ గుడి ఎదురుగా వచ్చాక సరంగు ఒకసారి లాంచీ కూత వేసేవాడు. అమ్మవారికి కూత, మాకు ఊరొచ్చేసిందని గుర్తు. అమ్మ అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉండేది.

దేవీపట్నం రేవులో రాతిమెట్లు పదకొండు. ఎక్కగానే తాతయ్య ఇల్లు. వీధి అరుగు మీదే కొట్టు. ఎగువ గూడేల నించి చింతపండు, కుంకుళ్ళు, చీపుళ్ళు, తేనె, అడ్డాకులు వచ్చేవి. రాజమండ్రి నించి ఉప్పు, కిరసనాయిలు, బట్టలు, బెల్లం వచ్చేవి. రెండూ లాంచీలోనే. లాంచీ రాని రోజు తాతయ్యకి ఏమీ తోచేది కాదు, రేవు మెట్ల మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు. ఆ చుట్ట పొగాకు కూడా గోదారి లంకల్లో పండిందే.

ఇంటి ముందు గోడ రాతిగోడ, సున్నం వేసింది. దాని మీద నా ఇప్పటి నడుం ఎత్తున మేకుతో లోతుగా గీసిన గీత ఒకటి ఉండేది. పక్కన 53 అని అంకెలు. 1953 వరదకి నీళ్ళు అక్కడిదాకా వచ్చాయట. ఏటా సున్నం వేయించినప్పుడు తాతయ్య ఆ గీత మాత్రం పూడనిచ్చేవాడు కాదు, మళ్ళీ మేకు పెట్టి గీసేవాడు. మా ఎత్తులు కొలిచేది కూడా ఆ గోడకే. "ఈ ఏడు వరద గీత దాటేశావే అమ్మడూ" అన్నప్పుడు నాకు ఎక్కడలేని గర్వం.

తాతయ్య ఒకసారి నన్ను కొండమొదలు తీసుకెళ్ళాడు, చింతపండు బేరానికి. దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర కొండ మలుపులో నీళ్ళు సుడులు తిరుగుతుండేవి. అక్కడికి రాగానే సరంగు తాత చుట్ట పారేసి నిలబడ్డాడు. గడ బాబాయి గడ పక్కన పెట్టేశాడు. "వెయ్యవా?" అన్నాను. "ఇక్కడ గడకి అందదమ్మా" అన్నాడు. మలుపు తిరిగేదాకా లాంచీలో ఒక్కళ్ళూ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఇటు రాజమండ్రిలో ఆ నది మీద ఆధారపడనిది ఏముందో నాకు తెలియదు. మేం తాగేది గోదారి. శ్రావణంలో ఎర్రనీరు దిగితే కుళాయిలోనూ ఎరుపే వచ్చేది. అమ్మ బిందె బోర్లించి కడిగి, లోపలి అంచున చిల్లగింజ అరగదీసేది. గిర్రున తిప్పుతూ అరగదీస్తుంటే సన్నని గంధంలాంటిది బిందెకి అంటుకునేది. నీళ్ళు పోసి మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే, పొద్దున్నకి అడుగున రెండు వేళ్ళ మందాన మెత్తని ఒండ్రు, పైన అద్దంలాంటి నీళ్ళు. ఆ ఒండ్రు అమ్మ పారబోసేది కాదు. గులాబీ మొక్కల మొదట్లో వేసేది. "ఎక్కడ నాసిక్, ఎక్కడ మన పెరడు, అక్కడి మన్ను కాళ్ళొచ్చి మనింటికొచ్చింది" అనేది నాయనమ్మ.

పాలు లంకల నించి పడవల్లో వచ్చేవి. వరద రోజుల్లో పడవ రాకపోతే ఆ పూట కాఫీ లేదు, నాన్నకి కోపం వచ్చేది. కూరగాయలూ లంకలవే. ఇక వెదురు. ఏజెన్సీ నించి వెదురు తెప్పలు కట్టి నీళ్ళవాలున వదిలేవాళ్ళు. ఒకదాని వెనక ఒకటి, చూడ్డానికి కదిలే వీధిలా ఉండేవి. తెప్ప మీదే పొయ్యి, తెప్ప మీదే పడక. రాత్రివేళ గట్టు మీంచి చూస్తే నది నడుమ చిన్న మంట మెల్లగా దిగువకి జరిగిపోతుండేది. పేపరు మిల్లుకి, అడితులకి అంతా ఆ దారినే. నాన్న జీతం ఆ తెప్పల మీద తేలుతూ వచ్చేదన్నమాట. తెప్ప ఒడ్డుకి చేరాక ఆ మనుషులు మా అడితికొచ్చి లెక్క చూసుకునేవాళ్ళు. వాళ్ళ పాదాలు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి. నాన్న వాళ్ళని నిలబెట్టి మాట్లాడేవాడు కాదు, బల్ల చూపించి కూర్చోమనేవాడు.

కొవ్వూరు వెళ్ళాలంటే రైలు, లేదంటే లాంచీ. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన రైళ్ళకే. 56 ఖానాలు. లాంచీ దాని కిందినించి పోతుంటే పైన రైలు రావాలని మొక్కుకునేవాళ్ళం. వస్తే, రైల్లోవాళ్ళు విసిరిన పైసలు మా చుట్టూ నీళ్ళలో టపటపా పడేవి. 1974లో కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన వచ్చింది. ఊరు ఊరంతా దాని మీద నడిచి చూడ్డానికి వెళ్ళాం. నాన్న నడిమధ్యన ఆగి, కింద కొవ్వూరు లాంచీని చూసి, "పాపం, దీనికి ఇంక ఎవరెక్కుతారో" అన్నాడు. నాకు అప్పుడా మాట అర్థం కాలేదు. వంతెన ఎంత బాగుందో చూడక లాంచీ మీద జాలి ఏమిటనుకున్నాను.

ఆనకట్ట దగ్గర ఇంకో ముచ్చట. నాయనమ్మ తమ్ముడికి కాలవ మీద ధాన్యం పడవ ఉండేది. నాకు ఏడో ఎనిమిదో ఏట ఒకసారి ధవళేశ్వరంలో ఆ పడవెక్కాం, కడియం దాకా. గోదాట్లోంచి కాలవలోకి దిగాలంటే లాకు దాటాలి. ఎత్తయిన రాతిగోడల మధ్య ఇరుకైన గదిలాంటిది, ముందో తలుపు, వెనకో తలుపు. పడవ లోపలికి రాగానే లస్కర్లు వెనక తలుపు మూసేశారు. ఎక్కడో కింద నీళ్ళు జారిపోతున్న హోరు. పడవ కదల్లేదు, కానీ గోడలు పెరుగుతున్నాయి. పచ్చటి నాచుపట్టి, నీళ్ళు కారుతూ, గోడ నా మొహం పక్కనించి పైకి పైకి పోతోంది. ఆకాశం చిన్నదైపోయింది. నేను నాయనమ్మ చీర పట్టుకుని ఏడవబోయేంతలో ముందు తలుపులు రెండూ మెల్లగా విచ్చుకున్నాయి. అవతల ఎండ, కాలవ, రెండు పక్కలా కొబ్బరిచెట్లు. గాలి లేదు కాబట్టి తెరచాప దింపేసి, ఇద్దరు మనుషులు గట్టు మీదికి దూకి తాడు ఛాతీకి అడ్డంగా వేసుకుని పడవ లాగుతూ నడిచారు. కడియం దాకా వాళ్ళ వీపులే చూస్తూ కూర్చున్నాను.

1847లో పని మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరని మా దగ్గర సంకల్పంలో కూడా తలుచుకునే పురోహితులున్నారు. పొలాలకి నీళ్ళిచ్చాడనే అందరూ చెప్పుకుంటారు. ఆ నీళ్ళ మీద పడవలు నడవడం కూడా ఆయనకి అంత ముఖ్యమే. ఈ దేశానికి రైళ్ళకంటే కాలవలే చవక అని జీవితమంతా వాదించాడు. కాకినాడలో పడవెక్కితే కాలవల వెంట ఏలూరు, బెజవాడ మీదుగా బకింగ్‌హామ్ కాలవలో పడి మద్రాసు దాకా నీళ్ళ మీదే పోయిన కాలం ఒకటుంది. ఆ లాకులు, ఆ తాడు లాగే గట్టుదారి అందుకే కట్టారు. ఇది చెప్పకుండా కాటన్ కథ చెబితే సగమే చెప్పినట్టని నా నమ్మకం.

1986 ఆగస్టు. నాకు ఇరవయ్యేళ్ళు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే వరద మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మాకు ఈ మూడంకెలూ ఎక్కాల్లా నోటికి వచ్చు. ఆ ఏడు మూడోదీ దాటిపోయింది, ఇంకా పెరుగుతూనే ఉంది. భద్రాచలంలో 75 అడుగులు దాటింది. ఆనకట్ట మీద 35 లక్షల క్యూసెక్కులన్నారు. నాన్న రెండు రాత్రులు ఇంటికి రాలేదు, గట్టు మీద ఇసక బస్తాలు మోసేవాళ్ళతోనే ఉన్నాడు. నేను అన్నం తీసుకెళ్ళి చూశాను. గోదారి చప్పుడు చెయ్యదనుకుంటారు గానీ, ఆ రోజు అది లోగొంతుకతో మూలుగుతున్నట్టుంది. పూరిళ్ళ కప్పులు, గడ్డివాములు, ఒక గేదె, ఎవరిదో ఊయల, వేళ్ళతో సహా చెట్లు, అన్నీ ఎక్కడికో పని ఉన్నట్టు పరిగెత్తిపోతున్నాయి. ఊరు నిలిచింది. దిగువన కోనసీమలో గట్లు తెగాయి.

దేవీపట్నం సంగతి పదిరోజుల దాకా తెలియలేదు. ఆ పదిరోజులూ అమ్మ అన్నం సరిగా తినలేదు. లాంచీలు మళ్ళీ కదిలిన మొదటి రోజునే వెళ్ళాం. తాతయ్య, అమ్మమ్మ కొండ మీద ఎవరి పాకలోనో తలదాచుకుని దిగొచ్చారు. ఇంటినిండా మోకాల్లోతు ఒండ్రు. కొట్టు ఏమీ మిగల్లేదు. తాతయ్య ఏడుస్తాడేమోనని భయపడుతూ లోపలికి వెళితే, ఆయన పీట మీద ఎక్కి గోడ మీద మేకుతో గీస్తున్నాడు. కొత్త గీత నా తల దాటి ఉంది. పక్కన 86 అని అంకెలు చెక్కి, వెనక్కి జరిగి చూసుకుని, "ఇంతకంటే రాదు. ఇంతకంటే మా తాతలు కూడా చూళ్ళేదు" అన్నాడు.

ఆ తరవాత అన్నీ ఒక్కొక్కటే సన్నగిల్లాయి. వెదురు లారీలకెక్కింది. ధాన్యం పడవలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ తేదీ రాసుకోలేదు. లాకుల తలుపులకి తుప్పు పట్టింది. హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. తాతయ్య పోయాడు, కొట్టు మూసేశాం, అమ్మమ్మ మా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్ళయి హైదరాబాదు వచ్చేశాను. 2008లో భద్రాచలం నించి రాజమండ్రి దాకా గోదారినీ, కాకినాడ నించి పుదుచ్చేరి దాకా కాలవల్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించారు. నాన్న ఆ వార్త ఫోనులో చదివి వినిపించాడు. "మళ్ళీ తిరుగుతాయంటావా?" అన్నాడు. ఆ గొంతులో ఆశ చూసి, తిరుగుతాయి నాన్నా అన్నాను.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. టీవీలో ఆ కొండ మలుపు కనపడగానే అమ్మా నేనూ ఇద్దరం గుర్తుపట్టాం. ఆ బోటుని పైకి తియ్యడానికి నెల దాటింది. చివరికి తీసింది కాకినాడ నించి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, తాళ్ళూ లంగర్లూ మనుషులూ నమ్ముకుని. బోటులో ఉన్న కుటుంబాల గురించి చదివిన ప్రతిసారీ నాకు సరంగు తాత చుట్ట పారేసి లేచి నిలబడటమే గుర్తొచ్చింది. వరదలో అక్కడికి పోకూడదని చెప్పగలిగిన మనుషులు ఒకప్పుడు రేవుకి పదిమంది ఉండేవాళ్ళు.

ఇక పోలవరం ప్రాజెక్టు. డెల్టా రైతుకి నీళ్ళు వద్దనే నోరు నాకు లేదు. ఆ నీళ్ళతో పండిన అన్నమే తిన్నాను, మా నాయనమ్మ వైపంతా ఆ రైతులే. అయినా చెప్పకుండా ఉండలేను. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఎగువన నీళ్ళు నిలబడి దేవీపట్నం ఖాళీ అయిపోయింది. మా మావయ్య పిల్లలకి గోకవరం వైపు కాలనీలో ఇల్లొచ్చింది. పక్కా ఇల్లే, రోడ్డు మీద ఇల్లే. పెద్దవాడు ఫోనులో "అన్నీ బాగానే ఉన్నాయి వదినా, పొద్దున్న లేచి ఎటు చూడాలో తెలియట్లేదు" అన్నాడు. నీళ్ళకి ఎదురుగా గుమ్మం పెట్టుకుని బతికినవాళ్ళు. ఆ మాట విని అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో లాంచీ ఎక్కి ఎగువకి పోలేం. నడుమ పోలవరం ఆనకట్ట ఉంది. పాపికొండలు చూస్తామంటే ఊళ్ళో బస్సెక్కించి గండిపోచమ్మ దగ్గర బోటెక్కిస్తారు. మొన్న కార్తీకమాసంలో అమ్మ "నన్నొకసారి తీసుకెళ్ళు" అంది. ఎనభై దగ్గరపడుతున్న మనిషి, మోకాళ్ళు సహకరించవు. వద్దంటే వినదని తెలుసు. తెల్లవారుజామున నేను లేచేసరికే వంటింట్లో దీపం వెలుగుతోంది. బోటులో టిఫిను, భోజనం వాళ్ళే పెడతారమ్మా అంటే, "పెట్టనీ" అని పులిహోర కలుపుతూనే ఉంది. అరిటాకులో పొట్లం కట్టి, నా హ్యాండ్‌బ్యాగు నమ్మకుండా తనే పట్టుకుంది.

బస్సులో కూర్చుని ఆ గోకవరం దుమ్ముదారి వైపే పుట్టింటికి బయల్దేరింది అమ్మ. నేనది పైకి అనలేదు.

బోటు మంచి బోటే. కుర్చీలు, లైఫ్ జాకెట్లు, పాటలు. అమ్మకి జాకెట్ తొడిగి ముందు వరసలో కూర్చోబెట్టాను. బోటు కదలగానే అటూ ఇటూ చూసి, నడిపే కుర్రాణ్ణి పిలిచింది.

"ముందు గడ వేసేవాడేడీ బాబూ?"

వాడికి పాతికేళ్ళుంటాయి. వినయంగా వంగి చెప్పాడు. "గడెందుకు మామ్మగారూ, ఇప్పుడంతా లోతేనండి. మేటలన్నీ అడుక్కెళ్ళిపోయాయి. ఎటేసుకున్నా పోద్దండి."

అమ్మ తలూపింది. నీళ్ళు నున్నగా, నూనెలా ఉన్నాయి. ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డు దాకా ఒక్క ముడత లేదు. ఎక్కడ లోతో ఎక్కడ మేటో చదువుకోవడానికి ఏమీ లేదు.

దేవీపట్నం వచ్చేసిందని మాకెవరూ చెప్పలేదు. వెనకున్న కొండని బట్టి అమ్మే గుర్తుపట్టింది. ఎండిపోయిన చెట్ల కొనలు కొన్ని నీళ్ళలోంచి పైకి కనపడుతున్నాయి. రేవు లేదు. రేవు ఉండాల్సిన చోట బోటు అలలు పోయి తాకడానికి కూడా ఏమీ లేదు, అలా సాగిపోయి కొండ మొదట్లో ఆగుతున్నాయి.

అమ్మ అటు చూస్తూ వేళ్ళు మడుస్తోంది. ఏమిటమ్మా అన్నాను. లోగొంతుకతో లెక్క చెప్పుకుంటోంది. రేవు మెట్లు పదకొండు, వాటి మీద అరుగు, అరుగు మీద గోడ, గోడ మీద యాభైమూడు, దాని మీద ఎనభయ్యారు. అక్కడ వేలు ఆగిపోయింది.

మైకులో టిఫినుకి రమ్మని పిలిచారు. అందరూ లేచి వెనక్కి వెళ్ళారు. అమ్మ లేవలేదు. పులిహోర పొట్లం ఒళ్ళో పెట్టుకుని, కొండ మలుపు తిరిగేదాకా అటే చూస్తూ కూర్చుంది.